మార్చిలో విదేశీ ప్రయాణం: ముందు వారం చూసుకోండి, తర్వాతే దేశం

ఫిబ్రవరి చివరికొచ్చేసరికి హైదరాబాద్ శివార్లలో మోదుగలు ఎర్రగా పూస్తాయి. మధ్యాహ్నం బయట పెట్టిన బండి సీటు కాలడం మొదలవుతుంది. పంచాంగం ప్రకారం మన వసంతం ఉగాదితో మొదలవుతుంది కానీ, అప్పటికే ఇక్కడ ఎండ 36, 37 డిగ్రీల దాకా వెళ్తుంది. అందుకే సంక్రాంతి పిండివంటల డబ్బాలు ఖాళీ అయ్యే వేళకి చాలా ఇళ్ళల్లో ఒక మాట వస్తుంది: "ఎండలు ముదరకముందే ఎక్కడికైనా పోయొద్దామా?" ఆ వెంటనే ఫోన్లు తీసి దేశాల పేర్లు చెప్పుకోవడం మొదలుపెడతాం.

నా మాట వినండి, దేశాల పేర్లు కాసేపు ఆపండి. ముందు మీరు వెళ్ళగలిగే వారం ఏదో తేల్చుకోండి. ఈ కాలంలో పది రోజుల తేడాతో ఒక ఊరు పూలతోట అవుతుంది, ఇంకో ఊరు పొగగూడు అవుతుంది.

ఈ పాఠం మాకు థాయ్‌లాండ్‌లో తెలిసింది. ఒక ఏడాది మార్చి రెండో వారంలో చియాంగ్ మాయ్ వెళ్ళాం. కొండ ప్రాంతం కదా, చల్లగా ఉంటుందనుకున్నాం. దోయి సుతేప్ కొండ మీది గుడి దగ్గర నిలబడితే కింద ఊరంతా కనపడాలి. మాకు రెయిలింగ్ అవతల బూడిదరంగు తెర తప్ప ఏమీ కనపడలేదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ చుట్టుపక్కల పంట వ్యర్థాలు తగలబెడతారు, అడవులు కూడా అంటుకుంటాయి. చుట్టూ కొండలు, మధ్యలో గిన్నెలాంటి లోయ. ఆ పొగ ఎటూ పోదు. మా పాప మూడు రోజులూ దగ్గుతూనే ఉంది. అదే ఊరు నవంబర్, డిసెంబర్ నెలల్లో ఎంత బాగుంటుందో తర్వాత విన్నాం. దేశం పేరు సరిగానే పెట్టుకున్నాం, ఊరూ నెలా కలిపి చూసుకోలేదు.

గోడ క్యాలెండర్ కిందికి దించండి

నిజంగానే దించి, డైనింగ్ టేబుల్ మీద పరిచి, పెన్సిల్ పట్టుకోండి. తిథులు, సెలవులు, పండగలు అన్నీ ఒకేచోట కనపడతాయి కాబట్టి ఫోన్ కంటే అదే మేలు. ఫిబ్రవరి 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉన్న రెండు నెలల్లో కుదరని రోజులన్నీ కొట్టేయండి.

ఇంటర్ చదివేవాళ్ళుంటే ఫిబ్రవరి చివరి నుంచి మార్చి మూడో వారం దాకా మరిచిపోవచ్చు. పదో తరగతి ఉంటే మార్చి రెండో సగం కూడా పోతుంది. చిన్న క్లాసుల్లో సీబీఎస్‌ఈ పిల్లలకి చాలా స్కూళ్ళల్లో మార్చి మధ్యలో పరీక్షలు ముగిసి, ఏప్రిల్ మొదటి వారంలో కొత్త క్లాసు మొదలవుతుంది. ఆ మధ్యలో దొరికే పది రోజులు బంగారం. స్టేట్ సిలబస్ పిల్లలకి ఆ వీలు లేదు. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు పెడతారు, ఏడాది చివరి పరీక్షలేమో ఏప్రిల్‌లో ఉంటాయి. కాబట్టి వాళ్ళతో వెళ్ళాలంటే ఫిబ్రవరి చివరే నయం. బ్యాంకుల్లో, ఆడిట్ ఆఫీసుల్లో, అకౌంట్స్‌లో పనిచేసేవాళ్ళకి మార్చి 31 దాకా లీవ్ అడిగే పరిస్థితే ఉండదు, వాళ్ళు ఏప్రిల్ 2 నుంచి లెక్కపెట్టుకోవాలి.

పండగలు కూడా గుర్తుపెట్టండి. ఉగాది 2025లో మార్చి 30న వస్తే 2026లో మార్చి 19నే వచ్చింది. పండగ పూట ఇంట్లోనే ఉండాలని పెద్దవాళ్ళు పట్టుబడితే ఆ చుట్టూ మూడు రోజులు తీసేయండి. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుగా వస్తుంది. ఆ నెలలో గల్ఫ్ వెళ్తే పగటిపూట తిండీ తిరుగుడూ ఇక్కడిలా ఉండవు. సాయంత్రాలు మాత్రం కళకళలాడతాయి. మీకు ఏది ఇష్టమో దాన్నిబట్టి చూసుకోండి.

కొట్టేయగా మిగిలిన రోజుల్లో వరసగా ఏడెనిమిది రోజులు దొరికితే వాటి చుట్టూ గుండ్రంగా గీత గీయండి. మీ వారం అదే.

ఆ వారంలో మీకేం కావాలి?

ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఈ ప్రశ్న అడగండి. పూలు చూడాలా? చలి తగలాలా? సముద్రంలో దిగాలా? మూడింటికీ మూడు వేర్వేరు దిక్కులు.

వసంతం అన్ని చోట్లా ఒకేసారి రాదు. ఉత్తరానికి వెళ్ళేకొద్దీ ఆలస్యమవుతుంది, ఎత్తుకి వెళ్ళేకొద్దీ ఆలస్యమవుతుంది. హైదరాబాద్ ఉన్నది 17 డిగ్రీల అక్షాంశం మీద, టోక్యో ఉన్నది దాదాపు 36 మీద. సుమారుగా ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకీ ఆరు డిగ్రీల వేడి తగ్గుతుంది. ఈ రెండు సంగతులు గుర్తుంటే మ్యాప్ చూసి మీరే సగం అంచనా వేసుకోగలరు. భూమధ్యరేఖకి అవతల లెక్క తలకిందులు: న్యూజిలాండ్‌లో మార్చి అంటే ఆకులు రాలే కాలం. వాతావరణం హాయిగానే ఉంటుంది కానీ వసంతం పూల కోసమైతే అక్కడికి వెళ్ళకండి.

పూల కోసమైతే

అందరి నోటా ముందొచ్చేది జపాన్ సకురా, అంటే చెర్రీ పూత. దాని గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇక్కడ తేదీ తప్పితే లక్షలు పోసి ఆకులు చూసి రావాలి.

టోక్యోలో యసుకుని మందిరం ఆవరణలో ఒక చెర్రీ చెట్టు ఉంది. వాతావరణ శాఖ వాళ్ళు వచ్చి దాని కొమ్మలు చూస్తారు. అయిదారు పువ్వులు విచ్చుకున్నాయని లెక్క తేలిన రోజునే టోక్యోలో పూత మొదలైనట్టు ప్రకటిస్తారు. అక్కడినుంచి దాదాపు వారంలో చెట్టంతా విరబూస్తుంది, ఇంకో వారంలో రాలిపోతుంది. మధ్యలో గట్టి వాన పడితే ఇంకా ముందే అయిపోతుంది. టోక్యో, క్యోటోల్లో ఈ ముచ్చట మామూలుగా మార్చి చివరి వారం, ఏప్రిల్ మొదటి వారం మధ్య జరుగుతుంది. పూత ఎప్పుడన్న అంచనాలు జనవరి నుంచే వెలువడతాయి, పదేపదే సవరిస్తారు.

కాబట్టి మీరు గీసుకున్న గీత మార్చి 26, ఏప్రిల్ 6 మధ్య పడితేనే టోక్యో, క్యోటో పెట్టుకోండి. మీకు కుదిరేది ఫిబ్రవరి చివరి వారమే అయితే నిరాశ పడనక్కర్లేదు. ఇజు ద్వీపకల్పంలో కవాజు అనే చిన్న ఊళ్ళో ముందుగా పూసే రకం ఉంది. ముదురు గులాబీ రంగు పూలు, ఫిబ్రవరి మొదట్లో మొదలై మార్చి మొదటి రోజుల దాకా ఏటి గట్టు వెంబడి ఉంటాయి. ఏప్రిల్ రెండో వారమైతే టోక్యో నుంచి బుల్లెట్ రైలెక్కి ఉత్తరాన సెండాయ్ వైపు పోండి. హోటళ్ళు మాత్రం ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నవే తీసుకోండి. అంచనా మారితే రెండు రాత్రులు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మార్చుకోవచ్చు.

మన దగ్గర్నుంచి టోక్యోకి బ్యాంకాక్, సింగపూర్, కౌలాలంపూర్ లేదా ఢిల్లీ మీదుగా వెళ్తారు. శాకాహారులకి ఒక హెచ్చరిక: అక్కడ కూరగాయల సూప్ అని రాసి ఉన్నా అందులో దాషి అనే చేపల రసం ఉండొచ్చు. "మాంసం వద్దు" అంటే సరిపోదు, "చేప, దాషి కూడా వద్దు" అని జపనీస్‌లో రాయించుకున్న చీటీ జేబులో పెట్టుకోండి. టోక్యోలో నిషి కసాయ్ వైపు మనవాళ్ళు ఎక్కువగా ఉంటారు, పప్పన్నం మీద మనసు పోయిన రోజు అటు వెళ్ళండి.

యూరప్ తులిప్ తోటల విషయంలో చాలామంది పొరపడతారు. నెదర్లాండ్స్‌లో లిస్సె ఊళ్ళో ఉన్న క్యూకెన్‌హోఫ్ తోట మార్చి మూడో వారం ప్రాంతంలో తెరుస్తారు. ఏటా దాదాపు 70 లక్షల పూల దుంపలు నాటుతారు. గేటు తెరిచారు కదా అని మార్చిలో వెళ్తే ఎక్కువగా క్రోకస్‌లు, డాఫోడిల్స్, అద్దాల మంటపాల్లో పెంచిన తులిప్‌లు కనపడతాయి. ఫోటోల్లో చూసే రంగురంగుల చాళ్ళ పొలాలు మామూలుగా ఏప్రిల్ మధ్యకి గానీ సిద్ధం కావు. మార్చిలోనే యూరప్ అనుకుంటే దక్షిణ స్పెయిన్ మంచిది. సెవిల్ వీధుల్లో నారింజ చెట్లు అప్పుడు పూస్తాయి. నిమ్మపూత వాసన తెలిసినవాళ్ళకి ఆ ఊరు ఇట్టే నచ్చుతుంది. ఈస్టర్ వారం మాత్రం తప్పించండి, గదుల ధరలు ఆకాశంలో ఉంటాయి.

ఒమన్ గులాబీల గురించి మన దగ్గర తక్కువమందికే తెలుసు. జబల్ అఖ్దర్ కొండల మీద దాదాపు 2000 మీటర్ల ఎత్తున మెట్ల పొలాల్లో గులాబీలు వేస్తారు. మార్చి చివర మొదలై మే దాకా పూస్తాయి. తెల్లవారుజామునే కోసి, మట్టి పొయ్యిల మీద పన్నీరు, అంటే గులాబీ నీరు, దించుతారు. పాతబస్తీలో అత్తరు దుకాణాల ముందు ఆగి వాసన చూసే అలవాటు ఉన్నవాళ్ళు ఈ పన్నీరు దించడం తప్పక చూడాలి. ఆ కొండ దారిలో ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లనే పైకి వదులుతారు, మామూలు కారు అద్దెకి తీసుకుంటే చెక్‌పోస్ట్ దగ్గరే ఆపేస్తారు.

చలి తగలాలంటే, ఖర్చు కూడా అదుపులో ఉండాలంటే

నన్నడిగితే భూటాన్. అమ్మానాన్నలతో, పిల్లలతో కలిసి వెళ్ళేవాళ్ళకి నేను ముందు చెప్పే పేరు ఇదే. మార్చిలో పారో లోయలో పీచ్, ప్లమ్ చెట్లు పూస్తాయి. థింపు నుంచి పునాఖా వెళ్ళే దారిలో దోచులా కనుమ ఉంటుంది. దాదాపు 3100 మీటర్ల ఎత్తు, 108 స్తూపాలు, ఆ చుట్టూ అడవిలో ఎర్రటి రోడోడెండ్రాన్ పూలు. అక్కడ వణికి, గంటన్నరలో పునాఖా దిగితే స్వెట్టర్ విప్పేస్తారు. పునాఖా 1200 మీటర్ల ఎత్తులోనే ఉంది మరి.

మనకి వీసా అక్కర్లేదు, పర్మిట్ తీసుకోవాలి. పాస్‌పోర్ట్ గానీ ఓటరు కార్డు గానీ చాలు. ఆధార్ మాత్రం పనికిరాదు. మనిషికి రాత్రికి 1200 రూపాయల రుసుము ఉంది. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి అందులో సగం. అంటే ఇద్దరు పెద్దలు, ఆ వయసు పిల్లలు ఇద్దరు అయిదు రాత్రులుంటే 18,000 రూపాయలు. ప్యాకేజీ ధర చెప్పేటప్పుడు ఇది కలిపి చెప్పారా, విడిగానా అని ఏజెంట్‌ని తప్పకుండా అడగండి. వాళ్ళ కరెన్సీ మన రూపాయితో సమానం కాబట్టి లెక్కల తలనొప్పి లేదు. పారో విమానాశ్రయంలో మధ్యాహ్నం గాలులు ఎక్కువ, అందుకని విమానాలు చాలావరకు పొద్దున్నే దిగుతాయి. కోల్‌కతాలో ముందు రోజు రాత్రి ఆగాల్సి రావచ్చు. బాగ్‌డోగ్రా దాకా విమానంలో వెళ్ళి, రోడ్డు మీద జైగావ్ చేరి, సరిహద్దు గేటు దాటి భూటాన్ వైపున్న ఫుంట్‌షోలింగ్‌లో దిగితే ఖర్చు తగ్గుతుంది.

మేం ఈ ప్రయాణం అనుకున్నప్పుడు మా అత్తమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "అక్కడ అన్నం దొరుకుతదా బిడ్డా?" దొరుకుతుంది. ఎర్ర బియ్యం అన్నం, మిరపకాయల్ని చీజ్‌తో ఉడికించిన ఎమా దత్షి. కారం తినే మన నాలుకకి అది పరాయి వంటలా అనిపించదు. ఒక్క జాగ్రత్త: పారో దగ్గర కొండ అంచున ఉన్న టైగర్స్ నెస్ట్ మఠం ఎక్కడానికీ దిగడానికీ నాలుగైదు గంటలు పడుతుంది, మఠం ఉన్నది 3100 మీటర్ల పైన. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు సగం దారిలో ఉన్న కేఫ్ దాకా గుర్రం మీద వెళ్ళి, అక్కణ్ణుంచే కొండ అంచున మఠాన్ని చూడొచ్చు. అది కూడా తక్కువేం కాదు.

సముద్రం కావాలంటే

శ్రీలంక దక్షిణ, పడమటి తీరాలు మార్చిలో పొడిగా ఉంటాయి. మిరిస్సలో తిమింగలాలు చూసే కాలం ఏప్రిల్ దాకా ఉంటుంది. తూర్పు తీరానికి వేసవి తర్వాతి నెలలు మేలు. వియత్నాం అయితే దా నాంగ్, హోయి ఆన్ చుట్టూ మార్చి బాగుంటుంది, హనోయ్‌లో మాత్రం సన్నటి తుంపర, మబ్బు. వియత్నాం ఈ-వీసా ఇంట్లో కూర్చునే తీసుకోవచ్చు. ఈజిప్ట్ మనసులో ఉంటే ఫిబ్రవరిలోనే వెళ్ళిరండి. మార్చి నుంచి ఖమ్సీన్ అనే ఇసుక గాలులు మొదలవుతాయి.

ఇప్పుడు వెనక్కి లెక్కపెట్టండి

రెండు మూడు పేర్లు తేలాయి కదా. ఒక్కోదానికీ బయలుదేరే తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి పనికొచ్చే షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 రోజుల దాకా. అపాయింట్‌మెంట్ స్లాట్ దొరకడానికే కొన్ని వారాలు పట్టొచ్చు. కాబట్టి మార్చి ప్రయాణానికి డిసెంబర్‌లో పని మొదలుపెట్టాలి. సంక్రాంతి తర్వాత అనుకున్నవాళ్ళు యూరప్‌ని వచ్చే ఏటికి పెట్టుకుని ఈ-వీసా దేశాలు చూసుకోవడం మంచిది. పెద్దలకి షెంగెన్ రుసుము 90 యూరోలు, 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి, స్లాట్ ఖాళీ ఉంది కదా అని ఇంకో దేశానికి పెట్టకండి.

పాస్‌పోర్టులన్నీ ఈ రోజే బీరువాలోంచి తీయండి. తిరిగొచ్చే నాటికి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. పిల్లల పాస్‌పోర్ట్ అయిదేళ్ళకే అయిపోతుంది, చాలా ఇళ్ళల్లో బోర్లా పడేది అక్కడే.

నిబంధనలు తరచూ మారతాయి. ఎవరో పోయినేడు వెళ్ళొచ్చిన అనుభవం మీద ఆధారపడకుండా ఆయా దేశాల రాయబార కార్యాలయాల వెబ్‌సైట్లు చూడండి. మన విదేశాంగ శాఖ ఇచ్చే ప్రయాణ సూచనలు టికెట్ కొనే ముందు ఒకసారి, బయలుదేరే వారంలో ఇంకోసారి చూడండి. గల్ఫ్ మీదుగా వెళ్ళేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం.

డబ్బు, సంచి

టికెట్ ధర చూసి దేశాన్ని ఎంచుకోకండి. టికెట్, వీసా, బీమా, గదులు, అక్కడి రవాణా, తిండి అన్నీ కలిపి రోజుకి ఎంత పడుతుందో కాగితం మీద వేయండి. చవక టికెట్‌కి ఒక రాత్రి ఎయిర్‌పోర్ట్‌లో గడపాల్సి వస్తే, పిల్లలతో అది చవక కాదు. ఏజెంట్ దగ్గర ప్యాకేజీ కొంటే బిల్లులో టీసీఎస్ అనే ముందస్తు పన్ను కలుపుతారు. అది మీ పాన్ మీద జమవుతుంది, రిటర్న్ వేసేటప్పుడు సర్దుకోవచ్చు, రసీదు దాచుకోండి.

సంచి సర్దేటప్పుడు ఒక లావుపాటి కోటు కంటే పలచటి మూడు పొరలు మేలు. ఈ కాలంలో పొద్దున 5 డిగ్రీలు, మధ్యాహ్నం 18 మామూలే. ఆవకాయ, కందిపొడి చెక్-ఇన్ లగేజీలో, రెండు కవర్లలో. దుబాయ్ వైపు వెళ్తే గసగసాలు పొరపాటున కూడా పెట్టకండి. అక్కడ అవి నిషిద్ధం, ఇంట్లో దంచిన మసాలా పొడిలో ఉన్నా ఇబ్బందే. జపాన్‌కి పచ్చి కరివేపాకు, పండ్లు, మాంసం కలిసిన పచ్చళ్ళు వద్దు. రోజూ వేసుకునే మందులు వాటి పట్టీల్లోనే, డాక్టర్ చీటీతో కలిపి చేతి సంచిలో పెట్టుకోండి.

తిరుగు టికెట్ తీసుకునేటప్పుడు శనివారం పొద్దునకి శంషాబాద్‌లో దిగేలా చూసుకోండి. సోమవారం పొద్దున దిగి నేరుగా ఆఫీసుకీ బడికీ పరుగెత్తితే వారమంతా ఒళ్ళు నొప్పులే. ఆఖరి రోజు హోటల్‌లో సర్దేటప్పుడు స్వెట్టర్లు అడుగున పెట్టి, ఒక్కో కాటన్ జత, నీళ్ళ సీసా పైన పెట్టండి. ఎయిర్‌పోర్ట్ అద్దం తలుపులు తెరుచుకోగానే ముఖానికి తగిలేది మన ఎండే.